మొహమాటం సవరణ

నమోదు 1. పోటు.

బొమ్మల స్టేషన్, తుఫాను షెల్టర్ రెండో అంతస్తు. రాస్తున్నది హైమావతి. ఇక్కడ రాయడానికి ఇంకెవరూ లేరు కాబట్టి నా పేరు ప్రతిసారీ ఎందుకు రాయాలో నాకు తెలియదు. నిబంధన అంటారు, రాస్తున్నాను.

ఉదయం ఫ్యాన్ల రెక్కల మీద ఉప్పు గీకాను. కేబుల్ గొట్టంలో పీత దూరింది. చీపురుపుల్లతో పొడిస్తే పుల్లని పట్టుకుని లాగింది. కాసేపు ఇద్దరం గుంజుకున్నాం, చివరికి పుల్ల దానికే వదిలేశాను. మధ్యాహ్నం పెట్టెల్లో తడిసిన బోర్డులు తీసి డాబా మీద ఎండబెట్టి, కాకులు ఎత్తుకుపోకుండా పక్కనే కూర్చున్నాను. అన్ని ఇళ్ల బొమ్మలూ నడుస్తున్నాయి. ఎవరి బొమ్మా అలగలేదు.

సాయంత్రం కమిటీ నుంచి జవాబు వచ్చింది. నన్ను ఈ పనిలోంచి తప్పించి ఇంకెవరినైనా వేయండి బాబూ అని అడిగాను కదా. ఇది ఎన్నోసారో నాకే గుర్తులేదు. జవాబు తెచ్చింది పడవ నడిపే ఏసుబాబు. వట్టి చేతులతో రాలేదు, చక్రకేళి గెల మోసుకొచ్చాడు.

"ప్రెసిడెంటు తాతారావు గారు మీ బొమ్మని అడిగారంటండి," అన్నాడు గెల దించుతూ. "పైకి అలాగంటారు గానీ ఆవిడకి స్టేషనంటే పేణం అని చెప్పిందంట. అందుకని గెల పంపారండి."

"ఎవరు చెప్పింది?"

"మీరేనండి. అంటే, మీ బొమ్మండి."

నా మనసులో ఏముందో నన్ను అడగక్కర్లేకుండా ఊరికి తెలిసిపోయే ఏర్పాటు ఇది. ఆ ఏర్పాటుకి రోజూ ఉప్పు గీకి, దుమ్ము దులిపి, కంటికి రెప్పలా కాస్తున్నది నేనే. నవ్వాలో ఏడవాలో తెలియక రెండు పళ్లు తిన్నాను. పళ్లు బాగున్నాయి. నేను అలిసిపోయాను. రెండూ రాసిపెడుతున్నాను.

నమోదు 2. పాటు.

ముచ్చట్ల రోజు. నెలకోసారి ఇంటింటికీ పడవలో వెళ్లి, అరుగు మీద కూర్చుని, పెట్టె ముందు పెట్టి అడగాలి. "మొన్న మంగతాయారు మీ మేక పాలిస్తోందా అని అడిగినప్పుడు ఆవిడ మనసులో ఏముందనుకున్నారు?" వాళ్లు ఒకటి చెబుతారు. వాళ్ల బొమ్మ ఏం చెబుతారని ఊహించిందో పెట్టెలో ముందే ఉంటుంది. రెండిటికీ తేడా ఉంటే బొమ్మని సరిదిద్దాలి.

నేను చదువుకునే రోజుల్లో దీన్ని నమూనా అనేవాళ్లం. ఒక మనిషి ఎదుటివాళ్ల మనసుని ఎలా ఊహిస్తాడో, ఆ ఊహించే తీరుని లెక్కల్లో కట్టేవాళ్లం. మెదడు ఈ పనిని ఎలా చేస్తుందో తెలుసుకోవాలని మాకు తెగ ఆరాటంగా ఉండేది. ఆ తర్వాత సముద్రం పైకొచ్చింది, ఊళ్లు లంకలైపోయాయి, పడవల ఛార్జింగుకి కరువొచ్చింది. సభలకి మనుషులు వెళ్లలేక తమ నమూనాల్ని పంపడం మొదలుపెట్టారు. జనం వాటికి బొమ్మలని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు మెదడు సంగతి ఎవరికీ అక్కర్లేదు. వియ్యపురాలు ఏమనుకుంటోందో చెబితే చాలు.

మంగతాయారు ఇంట్లో బలవంతాన రెండు గారెలు పెట్టించుకుని బయటపడ్డాను. ఆవిడ పెట్టే తీరు చూస్తే నాకు మొహమాటం సవరణ పుట్టిన రోజు గుర్తొస్తుంది. ఆవిడ కూతురి పెళ్లికే పుట్టింది అది. మొదట్లో బొమ్మలు బొత్తిగా అమాయకంగా ఉండేవి. పెళ్లికి ఎంత వండాలో వాటిని అడిగారు. ఒక్కొక్క బొమ్మా, "నాకేం వద్దండి, ఇంటి దగ్గర తినే వస్తాను," అంది. మనుషులు పైకి అనేది అదే కదా మరి. ఆ లెక్క చొప్పున వండారు. రెండో బంతికల్లా సాంబారు గిన్నె అడుగు కనబడింది. పెళ్లికొడుకు మేనమామ పస్తుతో పడవెక్కాడు. అప్పుడు రేగిన రభస చల్లారడానికి ఏడాది పట్టింది.

దాంతో సభ తీర్మానం చేసింది. ఎవరైనా వద్దంటే బొమ్మ దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. అది మర్యాదకి అన్న వద్దా కాదా అని చూసి, మర్యాదకే అయితే దాని కింద ఉన్న అసలు కోరికని లెక్కలోకి తీసుకోవాలి. అప్పటినుంచి విందుల్లో ఎవరూ ఆకలితో లేవలేదు. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో ఊరంతా మెచ్చుకున్న పని అదొక్కటే.

ఇంటికొచ్చేసరికి బొమ్మల సభ తీర్పు వచ్చి ఉంది. తొలకరి దగ్గరపడింది, చివరి లాకుకి మనిషిని పంపాలి. సముద్రానికీ మన చేలకీ మధ్య ఉన్న ఆఖరి తలుపులు అవి. సముద్రం పొంగే పోటుకి మూయాలి, నీళ్లు వెనక్కి తీసే పాటుకి తీయాలి. మోటార్లు పెడితే ఉప్పు తినేసింది, కాబట్టి చక్రం చేత్తోనే తిప్పాలి. అక్కడి వాననీటి తొట్టి ఒక్క ప్రాణానికే చాలుతుంది, అందుకని ఒక్కరే ఉండాలి, కోతలయ్యేదాకా. రేడియో అందదు.

ఈసారి కూడా సత్యవేణే. వరసగా అన్ని సార్లూ ఆ పిల్లే వెళ్తోంది. ఏకగ్రీవం, సత్యవేణి బొమ్మతో సహా.

నమోదు 3. పోటు.

సత్యవేణి వచ్చింది. స్టేషన్‌కి ఎవరూ రారు, అందరి గడపలూ నేనే తొక్కాలి. మెట్ల మీద చప్పుడైతే గాలికి తలుపు కొట్టుకుంటోందనుకున్నాను.

ముప్ఫై దాటని మనిషి. చక్రం తిప్పి తిప్పి అరచేతులు మొద్దుబారిపోయాయి. కుర్చీ చూపిస్తే నేల మీద కూర్చుంది. నా మొహం చూడలేదు, ఫ్యాను కేసి చూస్తూ మాట్లాడింది.

"నేనెల్లనక్కా."

"లాకుకా?"

"ఆయ్."

"మరి ఆ ముక్క ముందే చెప్పొద్దూ?"

"చెప్పానక్కా. మొన్న ముచ్చట్లప్పుడు మీరు పక్కనుండగానే మీ పెట్టెకి చెప్పాను. పోయినేడూ చెప్పాను. తాతారావు బాబాయికి ఎదురుగుండా చెప్పాను. అందరూ నవ్వి, భుజం తట్టి, చీర పెట్టి పంపారు."

టీ పోస్తానన్నాను. వద్దంది. పోశాను. తాగింది. గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ చెప్పింది.

"అక్కడ కొన్నాళ్లు పోయాక మనిషి గొంతు ఎలాగుంటదో మర్చిపోతానక్కా. నాతో నేనే మాట్టాడుకుంటాను, తరవాత అదీ మానేత్తాను. తిరిగొచ్చాక మొహాలు తెలీవు. పోయినేడు మంగతాయారొదిన నన్ను చూసి నవ్వుతుంటే కోప్పడతందనుకుని ఇంట్లోకి పోయి ఏడిచాను. కోపమో నవ్వో పోల్చుకోటానికి నాకు నెల పట్టింది."

"అయ్యో తల్లీ."

"అది కాదక్కా. అది పర్లేదు. పోటు వచ్చే ముందు తలుపుల మీద నిలబడి నీళ్లకేసి చూసేదాన్ని. ఊరికే చూసేదాన్ని కాదు." అప్పుడు కూడా ఫ్యాను కేసే చూస్తోంది. "ఈసారి ఎల్తే నేను రానక్కా. మీకు తెలుత్తందా?"

తెలిసింది. ఆ పిల్లని పడవ దాకా దింపి వచ్చి, ఆమె బొమ్మ తీసి తప్పుల లెక్క చూశాను. ఎవరి బొమ్మకైనా కొన్ని తప్పులుంటాయి. నా బొమ్మకి బోలెడు, మంగతాయారు బొమ్మకైతే చెప్పక్కర్లేదు. సత్యవేణి బొమ్మకి తప్పులు సున్నా. మొదటినుంచీ సున్నా. మనుషుల మీద కట్టిన నమూనాలో అలాంటి సున్నా నేను ఎప్పుడూ చూడలేదు, దాన్ని చూస్తే భయమేసింది.

నమోదు 4. పాటు.

సున్నా ఎలా వచ్చిందో తెలిసింది. తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, వెనక్కి తిప్పి చూసే ఓపిక ఉంటే చాలు. ఆ ఓపికే ఎవరికీ లేదు, నాకూ లేకపోయింది.

సత్యవేణి వెళ్లనంటుంది. సవరణ దాన్ని మొహమాటం కింద వేస్తుంది, అసలు ఉద్దేశం వెళ్లడం అని రాస్తుంది. ఆ మాట నమ్మి ఊరంతా పసుపూ కుంకుమా చీరా పట్టుకుని వెళ్లి బతిమాలుతుంది. నలుగురి ఎదుటా కాదనలేక ఆ పిల్ల పడవెక్కుతుంది. పడవెక్కింది కాబట్టి ఊహ నిజమైందని బొమ్మ రాసుకుంటుంది. మరుసటేడు ఇంకాస్త ధీమాగా అదే చెబుతుంది. బలవంతాన ఒప్పుకున్నదాన్ని ఇష్టం కింద లెక్కవేస్తే తప్పెక్కడ కనబడుతుంది?

బీరువా పైనుంచి పాత టోపీ దించాను. చదువుకునే రోజులనాటిది. తలకి పెట్టుకుంటే మెదడులో ఎక్కడ పని నడుస్తోందో తెర మీద వెలుగుతుంది. కుడి చెవి వెనక, కాస్త పైన ఒక చోటు ఉంది. ఎదుటివాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారో అని ఆలోచించినప్పుడల్లా అక్కడ వెలుగుతుంది. మర్యాదకి వద్దనే మనిషికి అక్కడ పెద్ద సంతలా ఉండాలి. ఆవిడ ఏమనుకుంటుందో, ఈయన ఏమనుకుంటాడో అంటూ. నిజంగానే వద్దనే మనిషికి అక్కడ అంత పని ఉండదు.

ముందు ఏసుబాబు మీద చూశాను. టోపీ పెట్టి, వేయించిన కట్టిపరిగె చేపల పళ్లెం ముందుకు జరిపాను.

"అబ్బే, ఇప్పుడే తిన్నానండి. ఆయ్, వద్దండి."

చెవి వెనక ఎంత వెలిగిందంటే తెర పాడైందేమో అనుకున్నాను. ఇంకోసారి జరిపాను. పళ్లెం ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నాడు.

తర్వాత సత్యవేణి. ఆ పిల్లకి అన్నాళ్ల ఒంటరితనంలో ఆ చోటే మొద్దుబారిందేమో అన్న అనుమానం నాకుంది. అందుకని మళ్లీ టీ అడిగాను. వద్దంది. చెవి వెనక చక్కగా వెలిగింది. పోశాను, తాగింది. అంటే మొహమాటం బాగానే ఉంది, తల్లికి.

"చివరి లాకుకి వెళ్తావా?" అన్నాను.

"ఎల్లను."

ఎన్నిసార్లు అడిగినా అదే మాట, తెర మీద అదే చీకటి. ఎవరేమనుకుంటారన్న ఆలోచన ఆ మాట దగ్గరికి కూడా రాలేదు. టోపీ తీసి ఆమె జుట్టు సరిచేశాను.

"ఏం తెలిసిందక్కా?"

"నువ్వు చెప్పిందే తెలిసింది తల్లీ."

"మరి దీనికి టోపీ ఎందుకక్కా?"

టోపీ తిరిగి బీరువా మీద పెట్టాను. ఏసుబాబుని పిలిచి దింపి రమ్మన్నాను.

నమోదు 5. పోటు.

తాతారావు గారింటికి వెళ్లాను. చేలో నిలబడి చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుని ఉప్పు చూసుకుంటున్నారు. నన్ను చూసి ఉమ్మేసి, చెయ్యి తుడుచుకుని ఎదురొచ్చారు.

"రండి రండి హైమ గారూ. మీరొత్తారని పొద్దున్నే తెలిసిందండి."

"ఎవరు చెప్పారు?"

"మీ బొమ్మేనండి. సత్యవేణి సంగతి ఎత్తుతారనీ, కోపంగా ఉంటారనీ, అది కోపం కాదు అలుపనీ చెప్పింది. కూర్చోండి, మజ్జిగ తాగండి."

తాగాను. ఈ ఊళ్లో వద్దనాలంటే భయం పట్టుకుంది నాకు.

"అలుపూ ఉంది, కోపమూ ఉందండీ. దేనికది విడిగా ఉంది," అని మొదలుపెట్టి సున్నా సంగతీ, టోపీ సంగతీ అన్నీ చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. చెడ్డమనిషైతే నాకు సుఖంగా ఉండేది.

"మీరు చదువుకున్నోరు, కాదననండి. కానీ చెవి వెనకాల వెలగలేదని చేలు ఉప్పునీటి పాలు చేసుకోమంటారా? తలుపులు మూయక నీళ్లొచ్చిన ఏడు మీరూ ఉన్నారు. మూడు లంకల వరి తెల్లబడిపోయింది. చంటిపిల్లలకి గంజి లేదు. మర్చిపోయారా?"

"మర్చిపోలేదు."

"ఆ పిల్లకి పని తెలుసు. చెయ్యి మంచిది. ఒక్క పోటు తప్పనివ్వలేదు ఇన్నేళ్లలో. నోరు తెరిచి ఒక్కమాట అనదు. అలాంటి మనిషి దొరకటం ఊరి అదృష్టమండి."

"ఆ అదృష్టం ఆ పిల్లని నీళ్లలోకి తోసేస్తోందండీ. ఈసారి వెళ్తే తిరిగి రానంది. తలుపుల మీద నిలబడి నీళ్లకేసి చూసేదాన్నంది."

ఆయన మొహం మారింది. "అంత మాటందా?"

"అంది."

"నాతో అనలేదే."

"మీతో వెళ్లనంది. మీరు చీర పెట్టారు."

ఆయన కండువా తీసి మొహం తుడుచుకుని, ఆ కండువానే చాలాసేపు మడతపెట్టుకున్నారు.

"సరేనండి. సవరణ తీసేస్తారా, తీసెయ్యండి. మనుషులతోనే సభ పెడదాం, ఛార్జింగు నేనిప్పిత్తాను. కానీ హైమ గారూ, ఆ పిల్ల కాకపోతే ఎవరెల్తారండి? అది కూడా మీ టోపీ చెప్తదా?"

అది చెప్పదు. దారంతా అదే ఆలోచన. అందరి మనసులూ నా స్టేషన్‌లో వరసగా పేర్చి ఉన్నాయి, వాటిలో ఒక్కదాంట్లో కూడా లాకుకి వెళ్లాలన్న కోరిక లేదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు, ఊరికీ తెలుసు. అందుకే కాదనలేని పిల్లని పట్టుకుంది.

నమోదు 6. పాటు.

సవరణ తీసేశాను. ఒక్క మీట నొక్కితే పోయింది. మంగతాయారు మనవడి బారసాలకి బొమ్మలన్నీ పాత పాటే పాడాయి, నాకేం వద్దండీ అని. సగమే వండారు. జనం మజ్జిగ తాగి లేచారట. నన్ను తిట్టిన తిట్లు ఏసుబాబు పూసగుచ్చినట్టు అప్పజెప్పాడు. వాడి కడుపు కూడా మాడింది, ఆ ఉత్సాహం గొంతులో వినబడింది.

ఇంకొకటి. తాతారావు గారు నా బొమ్మని మళ్లీ అడిగారట. ఈసారి అది, "ఆవిడ ఈ పని మానేస్తానంటున్నారు," అంది.

"నిజంగానే మానేత్తారాండి?" అన్నాడు ఏసుబాబు, నోరు తెరిచి.

"నిజంగానే."

"మరి ముందే చెప్పొచ్చు కదండి!"

పక్కన ఏదైనా బరువైంది ఉంటే వాడి మీదకి విసిరేదాన్ని. అరటిగెలకి కాడ ఒక్కటే మిగిలింది.

నమోదు 7. పోటు.

సభ జరిగింది. షెల్టర్ కింది అంతస్తులో, బొమ్మలు లేకుండా. పెట్టెలన్నీ నేనే ఆపేసి వచ్చాను. లంకలన్నిటి నుంచీ పడవలొచ్చాయి. ఎదురెదురుగా కూర్చోవలసి వచ్చేసరికి చూపులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు జనానికి. కొందరు తమ చెప్పుల్ని పరిశీలించారు.

తాతారావు గారు లేచి, "సత్యవేణీ, చివరి లాకుకి ఎల్తావా అమ్మా? నీ నోటితో చెప్పు," అన్నారు.

ఆ పిల్ల లేచి నిలబడింది. "నేనెల్లను," అంది. గొంతు గట్టిగానే ఉంది, అందరికీ వినబడింది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. అనుకున్నంతా అయిందనుకున్నాను. అప్పుడు మొదలైంది.

"అలాగంటావు గానీ, నీకు అక్కడి గాలి బాగా పడతదే," అంది మంగతాయారు.

"నీ చేతిలో ఉన్న ఒడుపు ఇంకెవరికుందమ్మా?"

"ఈ ఒక్కేడూ ఎల్లొచ్చెయ్యి తల్లీ. మళ్లీ అడిగితే అప్పుడను."

"సిగ్గుపడతంది గానీ ఎల్తదిలెండి. ప్రతేడూ ఇంతే కదా."

నవ్వులు కూడా వినబడ్డాయి. మంగతాయారు సంచిలోంచి చీర తీసింది. ముందే కొని తెచ్చుకుంది, పసుపురంగుది, జరీ అంచు. అందరూ ఆ పిల్ల చుట్టూ చేరి భుజం తడుతున్నారు. వాళ్లకి ఆ పిల్ల మీద ప్రేమే, అందులో అబద్ధం లేదు. కళ్లలో కనబడుతోంది.

పైన పెట్టెలు ఆపేసి ఉన్నాయి. సవరణ మీట కూడా ఆపే ఉంది. అయినా సవరణ నడుస్తోంది. దానికి ఈ విద్య ఎవరు నేర్పారో నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నేళ్లు యంత్రాన్ని అనుమానిస్తూ రెక్కలకి ఉప్పు గీకుతూ కూర్చున్నాను.

సత్యవేణి నా వైపు చూసింది. మొదటిసారి ఫ్యాను వైపు కాకుండా నా మొహంలోకి చూసింది. నేనేమనుకుంటున్నానో పోల్చుకోవాలని తెగ అవస్థపడుతోంది.

"చీర లోపల పెట్టు మంగతాయారూ," అన్నాను. నేను అరిచానని అందరి మొహాలూ చూశాక తెలిసింది. "ఆ పిల్ల వెళ్లనంది. అందరం విన్నాం. ఇంక ఆ మాట అయిపోయింది. కూర్చో సత్యవేణీ. ఎవరెళ్తారో మీరు తేల్చుకోండి."

సభ చల్లబడింది. ఒకరికి మోకాలు. ఒకరికి మేకలు. ఒకరికి పురిటికొచ్చిన కోడలు. అన్నీ నిజాలే, ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. చెప్పేవాళ్లు అయిపోయారు. బయట పడవలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినబడింది.

నాకు అప్పుడు ఒక్కటే అనిపించింది. చక్రం తిప్పాలి, బియ్యం ఉడకబెట్టుకోవాలి, పడుకోవాలి. కోతలదాకా ఎవరి మనసులో ఏముందో ఊహించక్కర్లేదు. భయం వేయలేదని కాదు, వేసింది. కానీ భయం కంటే అలుపు పెద్దది.

"నేను వెళ్తాను," అన్నాను.

"అయ్యో, మీరెందుకండీ! వద్దండి!" అన్నారు తాతారావు గారు, రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ.

రెండోసారి ఎవరైనా అంటారేమో అని ఆగాను. ఎవరూ అనలేదు. తాతారావు గారు గొంతు సవరించుకున్నారు.

"మరి ఏ పోటుకి బయల్దేరతారండి?"

టోపీ అక్కర్లేకపోయింది. నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని ఆపుకుని, నా షరతులు చెప్పాను. వచ్చే ఏటినుంచి లాకు ఇళ్ల వంతుల మీద. మొదటి వంతు ప్రెసిడెంటు గారిది. ప్రతి అమావాస్యకీ ఒక పడవ రావాలి, బియ్యం లేకపోయినా పర్లేదు, మాట్లాడే మనిషి ఉండాలి. విందులకి సవరణ కావాలంటే పెట్టుకోండి, లాకు ప్రశ్నకి మాత్రం మనిషినే అడగాలి, ఒక్కసారే అడగాలి. అందరూ ఒప్పుకున్నారు. తాతారావు గారు ఒప్పుకునేటప్పుడు భార్య వైపు చూశారు. ఆవిడ ఎటో చూసింది.

నమోదు 8. పాటు.

ఇది చివరి లాకు దగ్గర కూర్చుని రాస్తున్నాను. రాస్తున్నది హైమావతి. ఇక్కడ కూడా రాయడానికి ఇంకెవరూ లేరు.

బయల్దేరే ముందు సత్యవేణి చక్రం కిటుకులు నేర్పింది. ముందు ఎడమ తలుపు కదిలించాలి, కుడిది ఆ తర్వాత. చక్రం మొరాయిస్తే తిట్టకూడదు, కాస్త వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తిప్పాలి. స్టేషన్ తాళాలు ఆ పిల్లకే ఇచ్చాను. ఫ్యాన్లు గీకుతుంది, బోర్డులు ఎండబెడుతుంది, ముచ్చట్లకి ఇంటింటికీ వెళ్తుంది. నాలుగు మొహాలు చూస్తే అలవాటు మళ్లీ వస్తుందని నా ఆశ. పీత సంగతి కూడా చెప్పాను.

రేవు దగ్గర చాలామందే వచ్చారు. మంగతాయారు ఆ పసుపు చీర నాకు పెట్టింది. తీసుకున్నాను. అందరి వెనకనుంచి సత్యవేణి వచ్చింది. చేతిలో గుడ్డ మూట. విప్పి చూపించింది. పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టెక్క ఇడ్లీలు, ఇంకా పొగలు వస్తున్నాయి. పక్కన కొబ్బరి పచ్చడి. తెల్లవారకముందే లేచి పిండి పోసిందట.

"దారిలో తినక్కా."

పొద్దున్నుంచి నా కడుపులో ఏమీ పడలేదు. మూటలు కట్టుకోవడంతోనే సరిపోయింది. ఆ ఆవిరి వాసనకి నోట్లో నీళ్లూరాయి.

"ఎందుకే ఇవన్నీ? వద్దు. ఇప్పుడే తిన్నాను," అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. "వద్దా అక్కా?"

"వద్దే."

"సరే అక్కా," అంది.

గుడ్డ జాగ్రత్తగా మడిచి ముడేసింది. నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది. మూట చంకన పెట్టుకుని గట్టెక్కి ఇంటికి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. వద్దన్న మనిషిని బతిమాలడం ఆ పిల్లకి ఈ జన్మలో చేతకాదు.

పడవ కదిలింది. నా పేగులు అరుస్తున్న చప్పుడు ఏసుబాబుకి వినబడి ఉంటుంది. నాకేమో నవ్వు ఆగడం లేదు, నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడు కాసేపు నన్నూ, గట్టు మీద చిన్నదవుతున్న ఆ పిల్లనీ మార్చి మార్చి చూసి మోటారు ఆపాడు.

"కేకెయ్యమంటారాండి? ఇంకా దూరం పోలేదు."

వద్దన్నాను. ఈసారి నిజంగానే వద్దన్నాను.